బాబూ మియా గుట్టల దారి

పంజాగుట్ట నుంచి మధురానగర్‌కు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి బొంబాయి వెళ్ళే పెద్ద రోడ్డు. అమీర్‌పేట మీదుగా ఎస్.ఆర్. నగర్ దాకా తిన్నగా పోతుంది. రిక్షా తొక్కేవాడికి అరగంట పని. రెండోది శ్రీనగర్ కాలనీ వెనక్కి తిరిగి, గుట్టల మధ్య మెలికలు పోతూ ఎల్లారెడ్డిగూడలో తేలే మట్టి దారి. అటు పోతే దాదాపు గంట. ఎనిమిది మంది బడిపిల్లల్ని, వాళ్ళ సంచుల్ని, నీళ్ళ సీసాల్ని మోసుకుంటూ బాబూ మియా రెండేళ్ళుగా రోజూ ఆ రెండో దారినే పోతున్నాడు.

పిల్లలకు ఆ దారంటే పండగ. ఏనుగుల్లాంటి బండలు ఒకదాని మీద ఒకటి ఎక్కి, ఏ క్షణాన దొర్లిపడతాయో అన్నట్టు ఉండేవి. సందుల్లో సీతాఫలం పొదలు, తంగేడు, తలలాడించే తొండలు. దాదాపు సగం దూరంలో ఒక పచ్చజెండా దర్గా, అది దాటాక బర్రెల తబేలా, ఆ తర్వాత నిలువుగా ఎక్కే ఒక చడావు. చడావు కింద పిల్లలంతా దిగి వెనక నుంచి రిక్షాను నెట్టేవారు. పైకి చేరాక మళ్ళీ ఎక్కేవారు. సీటు వెనక కట్టిన చిన్న ఇత్తడి గంటను ఎక్కిన వాళ్ళు ఎక్కినట్టు ఒక్కసారి కొట్టాలి. గంట ఎనిమిదిసార్లు మోగితే గాని బాబూ మియా పెడలు మీద కాలు పెట్టేవాడు కాదు. వేరే ఏ రిక్షా పిల్లలకూ లేని ఆట మాకుంది అని వాళ్ళు బళ్ళో గొప్పలు చెప్పుకొనేవారు.

పెద్దవాళ్ళకు ఆ దారి అతని మంచితనంలా కనిపించేది. నిరుడు, ఆ ఎనిమిది మందిలో ఒకతె కమల, ఆ పిల్ల వాళ్ళమ్మ కుసుమకుమారి ఒకసారి అతన్ని ఆపి అడిగింది. ఆవిడ కాకినాడ వైపు నుంచి వచ్చినావిడ, ఆడపిల్లల కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. దేనికైనా లెక్క వేసే అలవాటు. మూడూ నలభైకి బడి వదిలితే నాలుగూ పదికి రావాల్సిన పిల్ల ఐదుకు పావు తక్కువకు ఎందుకొస్తోందని ఆవిడ సందేహం. బాబూ మియా తల వంచుకుని, పెద్ద రోడ్డు మీద లారీలు దయ్యం పట్టినట్టు పోతున్నాయని, పిల్లల ప్రాణాల ముందు అరగంట ఎంతని అన్నాడు. ఆవిడకు ఆ జవాబు ఎంత నచ్చిందంటే, సొంత మనుషులు కూడా ఇంత జాగ్రత్తగా ఉండరని వీధి వీధంతా చెప్పింది. ఆ ఏడు ఇంకో ఇద్దరు పిల్లలు అతని రిక్షాలో చేరడానికి వచ్చారు. చోటు లేదని పంపేశాడు.

అతను అబద్ధం చెప్పలేదు. చెప్పాల్సింది మాత్రం చెప్పలేదు. బాబూ మియాకు కళ్ళు కనిపించడం లేదు.

మొదట ఎడమ కన్ను. తడిసిన కాగితం వెనక నుంచి చూస్తున్నట్టు మొదలైంది. ఆరు నెలలకు కుడి కన్నూ అదే బాట పట్టింది. పొద్దున్నే, మబ్బు రోజుల్లో కొంత నయం. సాయంత్రం పెద్ద రోడ్డున పోతుంటే ఎండ సూటిగా ముఖం మీద పడేది. అప్పుడు ముందున్న లోకమంతా ఒక తెల్లటి గోడ. ఆ గోడలోంచి లారీల చప్పుడు పుట్టేది. దేని చప్పుడు ఎటు నుంచో తేల్చుకునేలోపే అది పక్కనుంచి ఈడ్చుకుపోయేది. ఒకరోజు అమీర్‌పేట దగ్గర ఒక బస్సు కుడి చక్రాన్ని రాసుకుంటూ పోయింది. అతనికి అది కనిపించనే లేదు. రిక్షా ఊగితే పిల్లలు కేరింతలు కొట్టారు. బాబూ మియా ఆ రోజు ఇంటికెళ్ళి కంచం ముందు కూర్చొని, రొట్టె ముక్క తుంచి, అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మర్నాడు పంజాగుట్టలో హ్యాండిల్ ఎడమకు తిప్పాడు.

గుట్టల దారిలో బండ్లు రావు. ఆ దారి అతనికి కళ్ళతో పనిలేకుండా తెలుసు. ఊదు వాసన వస్తే దర్గా. పేడ వాసన వస్తే తబేలా. చడావు మీద కుడి చక్రం ఒక లోతైన గాడిలో పడి లేస్తుంది, అక్కడే ఆగాలి. దిగుడులో పిండిమర చప్పుడు చెవికి అందిందంటే ఎల్లారెడ్డిగూడ. పిల్లలు ఎక్కారో లేదో చూసే కళ్ళు లేవు కనక గంట కట్టాడు. దాన్ని ఆట చేసింది పిల్లలే.

మెహదీపట్నం దవాఖానకు పోకుండా ఏమీ లేడు. అక్కడి డాక్టరు కుర్రవాడు, ఓపికగా చెప్పాడు. గుడ్డులో తెల్లసొన పచ్చిగా ఉన్నప్పుడు అద్దంలా ఉంటుంది, ఉడికితే తెల్లబడుతుంది, నీ కంట్లోనూ అలాంటి అద్దం ఒకటి తెల్లబడుతోంది అన్నాడు. ఉడికిన గుడ్డును పచ్చిగా చెయ్యడం ఎవరి వల్లా కాదు, తీసెయ్యాలి. శుక్లం ఇంకా పండలేదు, ఆరు నెలలాగి రమ్మన్నాడు. ఆరు నెలల తర్వాత పండిందన్నాడు. ఆపరేషన్ తర్వాత నలభై రోజులు వంగకూడదు, బరువు మోయకూడదు, రిక్షా ముట్టకూడదు.

ఎండాకాలం సెలవులు దాదాపు అన్ని రోజులే ఉంటాయి. కానీ ఎండాకాలంలో కంటికి కత్తి తగలకూడదు. ఆ సంగతి అతను ఉండే అమీర్‌పేట మసీదు వెనక బస్తీలో చిన్నపిల్లకు కూడా తెలుసు. బాబూ మియా భార్య బద్రున్నీసాకు ఒక అన్న ఉండేవాడు. ఏ సంవత్సరమో మే నెలలో ఆపరేషన్ చేయించుకుంటే వారానికే కన్ను చీము పట్టి పోయింది. ఎండ వేడికి లోపల పుండు ఉడికిందని అందరూ అన్నారు. చలికాలమైతే చల్లగా మానుతుంది. చలికాలంలో బడి ఉంటుంది. నలభై రోజులు రిక్షా ఆగితే పిల్లల తల్లిదండ్రులు ఇంకో రిక్షా చూసుకుంటారు. ఒకసారి చెదిరిన ఎనిమిది మంది మళ్ళీ ఒక్కచోట చేరరు. తీరిక ఉన్నప్పుడు కాలం కాదు, కాలం వచ్చినప్పుడు తీరిక లేదు. ఇలా రెండు చలికాలాలు, రెండు ఎండాకాలాలు పోయాయి. రెండో ఎండాకాలంలో రంజాన్ కూడా వచ్చింది. ఎండాకాలం మాట మాత్రం అతను డాక్టర్ని అడగలేదు. అందరికీ తెలిసిన సంగతిని పట్టుకొని డాక్టర్ని అడగడమేమిటి?

ఈ చలికాలం ఏమైనా సరే అని బద్రున్నీసా రోజూ పొద్దున అనేది. అతని చొక్కా గుండీలు పెడుతూ అనేది. గుండీలు అతనే పెట్టుకోగలడు. అయినా పెట్టనిచ్చేవాడు.

అది ఎనభయ్యారు జూన్. రంజాన్ పండగ అయిపోయి రెండు వారాలు, బళ్ళు తెరిచి పది రోజులు. గుట్టల దారిలో కొత్త సంగతొకటి మొదలైంది. చడావు పక్కన ఎవరో ప్లాట్లు వేస్తూ బండలు పేల్చిస్తున్నారు. రోజూ సాయంత్రం ఐదింటికి మందు పేలుస్తారు. ముందు మూడు ఈలలు వేస్తారు, దారికి రెండు వైపులా ఎర్రగుడ్డ కడతారు. ఆ పని చేయించే మేస్త్రీ రాజనర్సయ్య మొదటి రోజే బాబూ మియాను ఆపి చెప్పాడు, నాలుగున్నర దాటాక ఇటు తిరిగి చూడొద్దని. బాబూ మియా నాలుగుంబావుకల్లా చడావు దాటేస్తాడు. ఎర్రగుడ్డ అతనికి కనిపించదు గాని, దానితో పనీ పడదు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక జల్లు పడి ఆగింది. మట్టి మెత్తబడింది. చడావు దగ్గర పిల్లలు దిగి రిక్షా నెడుతుండగానే ఎవరో ఆరుద్ర పురుగు అని అరిచారు. తొలివానకు భూమిలోంచి పైకి వచ్చే ఎర్రటి ముఖమల్ పురుగులు, ఉర్దూలో బీర్ బహూటీలు. ముట్టుకుంటే కాళ్ళు ముడుచుకుని కుంకుమ బొట్టులా పడి ఉంటాయి. పిల్లలందరి దగ్గరా అగ్గిపెట్టెలు ఉన్నాయి. అగ్గిపెట్టెలో గడ్డి వేసి పెంచుతారు. బాబూ మియా వాళ్ళను కాసేపు వదిలాడు. చిన్నప్పుడు తను కూడా పట్టినవాడే. తర్వాత మబ్బు వాసన తగిలి, ఎక్కండి ఎక్కండి అని తొందర చేశాడు. గంట మోగడం మొదలైంది. ఒకటి, రెండు, మూడు. ఏడో గంటకూ ఎనిమిదో గంటకూ మధ్య కొంచెం ఆలస్యమైంది. మోగింది. అతను పెడలు తొక్కాడు.

దిగుడులో బ్రేకు మీద చెయ్యి పెట్టి మెల్లగా దిగుతుంటే వెనక పిల్లలు ఎప్పటిలా అరవడం లేదు. అలసిపోయారనుకున్నాడు. పిండిమర చప్పుడు దగ్గరైంది. మర దగ్గర ఆగి నీళ్ళు తాగడం అలవాటు. మర నడిపే భూలక్ష్మి ముంత అందించింది. అప్పుడు వెనక బల్ల మీద నుంచి వెక్కిళ్ళు వినిపించాయి.

ఏడుస్తున్నది జమీలా. కమలకు జతగత్తె, రెండో తరగతి. ఎంత అడిగినా చెప్పలేదు. భూలక్ష్మి దగ్గరికి తీసుకుని కళ్ళు తుడిస్తే చెప్పింది.

"గంట నేనే రెండుసార్లు కొట్టిన తాతా. కమల బీర్ బహూటీ తెస్తనని బండల దిక్కు ఉరికింది. ఉరికొచ్చి వెనక ఎక్కుతనన్నది. ఎక్కలే."

బాబూ మియా చేతిలో ముంత అలాగే ఉంది. రిక్షా వైపు తిరిగి తలలు తడమడం మొదలుపెట్టాడు. ఏడు. మళ్ళీ తడిమాడు. ఏడు తలలూ కదలకుండా కూర్చున్నాయి. కళ్ళున్నవాడైతే చడావు మీదే ఒక్కసారి వెనక్కి తిరిగి చూసేవాడు. ఒక్కసారి. అంతే సరిపోయేది.

టైమెంతని అడిగాడు. భూలక్ష్మి మరలోకి తొంగి గడియారం చూసింది.

"ఐదుకు ఇరవై తక్కువ మియా. నువ్ పో. గీళ్ళను లోపల కూసోవెడ్త, ఒక్కల్ని గూడ కదలనియ్య."

రిక్షా అక్కడే వదిలేశాడు. చడావు మీదికి దాన్ని నెట్టుకుపోయే కంటే కాళ్ళే నయం. యాభై ఎనిమిదేళ్ళ కాళ్ళు, కానీ నలభై ఏళ్ళుగా తొక్కిన కాళ్ళు. దిగివచ్చిన దారినే పైకి పరుగెత్తాడు. రోజూ మూడు చక్రాల కింద తెలిసే దారి, అరికాళ్ళ కింద వేరే దారిలా ఉంది. రెండుసార్లు పడ్డాడు. చెప్పులు ఎక్కడో ఊడిపోయాయి, అదే మంచిదైంది. వట్టి కాళ్ళకు గాడి దొరికింది. గాడి వదలకుండా పోతే చడావు నడినెత్తికి చేరతాడు. అక్కడ పిల్ల ఉండాలి. పిల్ల ఉంటే, ఐదు కాకముందే ఉంటే.

పెడలు మీద పడే అడుగు అడుగుకూ ఒక లెక్క వేసుకుంటూ వచ్చినవాడికి ఇప్పుడు లెక్క తెగడం లేదు. ఇరవై నిమిషాల్లో ఎన్ని అయిపోయాయి? పడి లేచినప్పుడు ఎంత పోయింది? యా అల్లా, అల్లా అని ఊపిరి ఊపిరికీ అనుకున్నాడు. ఊపిరి చాలనప్పుడు అనుకోవడం కూడా మానేశాడు.

మొదటి ఈల అప్పుడే పడింది.

ఐదు కాలేదు. కాకూడదు. మబ్బు పట్టింది కదా, కూరిన మందు తడిసిపోతుందని ముందే పేల్చేస్తున్నారని అతనికి కాళ్ళలో ముందు తెలిసింది, బుర్రలో తర్వాత తెలిసింది. కమలా అని అరిచాడు. పేరు గొంతులోంచి కోపంలా బయటికి వచ్చింది. బండలు ఆ కోపాన్ని నాలుగు వైపుల నుంచీ తిరిగి పంపాయి. గాడి వదిలి బండల వైపు తిరిగాడు. ముందు బూడిద రంగు తప్ప ఇంకేమీ లేదు. పెద్ద బూడిద రంగు, దాని పక్కన చిన్న బూడిద రంగు. చేతులు చాపుకొని, ఒక బండను తడిమి, దాన్ని దాటి, ఇంకో బండ దగ్గరికి పోయాడు. కమలా, కమలా బేటీ. ఎక్కడో నీళ్ళు బొట్టు బొట్టుగా పడుతున్న చప్పుడు.

రెండో ఈల పడింది. ఈసారి దగ్గరగా.

ఎవరో వెనక నుంచి అతని చొక్కా పట్టి లాగారు. గుండీలు తెగాయి. రాజనర్సయ్య.

"మియా? నెత్తి గిట్ల ఖరాబైందా? ఈల ఇనవడ్తలేదా?"

"ఆపు అన్నా. లోపల పిల్ల ఉన్నది. బడిపిల్ల. నీ కాళ్ళు మొక్కుత, ఆపు."

తను అంతా తిరిగి చూసి వచ్చానని, మనిషన్న వాడు లేడని రాజనర్సయ్య అన్నాడు. అంటూనే వెనక్కి తిరిగి, వత్తి దగ్గరున్న వాళ్ళకు ఆగమని గట్టిగా కేకేశాడు. ఎక్కడ దిగింది, ఏం బట్టలు అని అడిగాడు. బాబూ మియా చెప్పలేకపోయాడు. ఆ పిల్ల ఏ రంగు గౌను వేసుకుందో అతను ఈ ఏడు ఒక్కరోజూ చూడలేదు. గాడి దగ్గర, కుడి చక్రం పడే గాడి దగ్గర అని మాత్రం అన్నాడు. రాజనర్సయ్య నాలుగడుగులు ముందుకు వేసి ఆగిపోయాడు. వెనక్కి తిరిగి బాబూ మియా ముఖంలోకి చూశాడు.

"నీ ఎదురుంగనే ఉన్నది గదనే. గా బండకానుకొని నిలవడ్డది. ఇప్పుడే దాన్ని దాటుకుంటనే పోయినవ్."

బూడిద రంగు బండ. బూడిద రంగు గౌను. బాబూ మియా ఆ చిన్న బూడిద రంగు వైపు చేతులు చాపాడు. అది కదిలింది. తడి జుట్టు చేతికి తగిలింది. అతను మోకాళ్ళ మీద పడి ఆ తలను రెండు చేతులతో పట్టుకుని, ముఖం, భుజాలు, చేతులు, వేళ్ళు అన్నీ తడిమి చూసుకున్నాడు. ఒక చేతిలో అగ్గిపెట్టె ఉంది. గట్టిగా పట్టుకోవడంతో నలిగిపోయింది.

రాజనర్సయ్య పిల్లను ఎత్తుకొని ఎర్రగుడ్డ దాటేదాకా తెచ్చి దింపాడు. బాబూ మియాను మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. దింపాక, పిల్లకు వినపడకుండా, చెవి దగ్గర అడిగాడు.

"కండ్లు కనవడవా మియా?"

బాబూ మియా తల దించుకుని పిల్ల కోసం చెయ్యి చాపాడు. రాజనర్సయ్య మళ్ళీ అడగలేదు. తల ఊపి వెళ్ళిపోయాడు. వాళ్ళు దిగుడులో సగం దూరం వచ్చేసరికి మూడో ఈల పడింది. ఆ తర్వాత భూమి అరికాళ్ళ కింద ఒకసారి ఎగిరి పడింది. చప్పుడు తర్వాత వచ్చింది. కమల అతని వేళ్ళను పట్టుకుంది.

పిండిమర నుంచి మధురానగర్‌కు పది నిమిషాల దారి. బాబూ మియా ఎక్కి తొక్కలేదు. ఎనిమిది మందినీ కూర్చోబెట్టి, హ్యాండిల్ పట్టుకుని నడిపించుకుంటూ పోయాడు. ఎవరూ గంట కొట్టలేదు. అతను తలలు తడిమి లెక్క పెట్టాడు, మళ్ళీ పెట్టాడు. నడుస్తూ నడుస్తూ ఒక మాట తయారు చేసుకున్నాడు. వాన. వాన వల్ల బురద, బురద వల్ల ఆలస్యం. పిల్లలు భయపడి ఉన్నారు, చెప్పరు. జమీలా అసలే చెప్పదు. పిల్ల దక్కింది కదా. ఇంకో ఐదు నెలలు. కార్తీకం రాగానే సెలవు పెట్టి, ఎవరో ఒకర్ని బతిమాలి రిక్షా నడిపించమని, కళ్ళు బాగుచేసుకుని వచ్చేస్తాడు. ఐదు నెలల కోసం ఒక్క అబద్ధం. అది కూడా పూర్తి అబద్ధం కాదు, వాన పడ్డ మాట నిజమే.

కుసుమకుమారి గేటు బయటే నిలబడి ఉంది. ఐదున్నర దాటింది. ఆవిడ చెప్పులు వేసుకుని, చేతిలో గొడుగు పట్టుకుని ఉంది. ఎంతసేపు నిలబడిందో, గొడుగు కొన మట్టిలో గుంట తవ్వేసింది.

"వాన వల్లే కదా? ఇంకో ఐదు నిమిషాలు చూసి బయల్దేరదామనుకున్నాను."

ఆవిడే ఆ మాట అందించింది. బాబూ మియా అవునమ్మా అనడానికి నోరు తెరిచాడు.

కమల రిక్షా దిగి తల్లి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది. ఏడవడం లేదు. బళ్ళో జరిగిన తగువు చెబుతున్నట్టు చెప్పింది.

"అమ్మా, తాతకు నా మీద కోపం. నన్ను చూసి కూడా పలకరించకుండా వెళ్ళిపోయాడు. నేను ఇంత దగ్గర్లో ఉన్నాను."

ఎంత దగ్గరో చెయ్యి చాపి చూపించింది. తర్వాత ఒక్కొక్కటే బయటికి వచ్చింది. పురుగులు, బండ, ఈలలు, మేస్త్రీ ఎత్తుకోవడం, పెద్ద చప్పుడు. తాత అంత కోపంగా అరుస్తుంటే తిడతాడని నోరు మూసుకుని నిలబడ్డానని చెప్పింది.

కుసుమకుమారి గొడుగు గేటుకు ఆనించింది. కూతుర్ని వెనక్కి నెట్టి, రెండడుగులు ముందుకు వచ్చింది. చెయ్యి పైకెత్తింది. ఎత్తిందని అతనికి గాజుల చప్పుడును బట్టి తెలిసింది.

"ఎన్ని వేళ్ళు?"

ఈ పరీక్ష అతనికి కొత్త కాదు. ఇదివరకు ఒకరిద్దరు అనుమానంతో అడిగారు. మనుషులు ఎప్పుడూ రెండో మూడో చూపిస్తారు. రెండు అంటే చాలావరకు సరిపోతుంది. వెనక రిక్షాలో మిగిలిన పిల్లల గుసగుసలు ఆగిపోయాయి.

"కనవడ్తలేవమ్మా," అన్నాడు బాబూ మియా.

ఆ మాట అతను భార్యతో కూడా ఎన్నడూ బయటికి అనలేదు.

కుసుమకుమారి గేటు పక్కన అరుగు మీద కూలబడింది. ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. రెండేళ్ళని చెప్పాడు. అంటే ఆ దారి, ఆ గంట... అని ఆవిడ తనలో తనే లెక్క వేసుకోవడం వినిపించింది. వీధిలో ఎంతమందికి తను ఈ మనిషిని పొగిడి చెప్పిందో కూడా ఆ లెక్కలోకి వచ్చి ఉంటుంది. డాక్టరుకు చూపించుకోలేదా అంది. చూపించుకున్నానని, పండిందన్నాడని, చలికాలం కోసం చూస్తున్నానని చెప్పాడు.

"చలికాలం ఎందుకు?"

"ఎండకాలం కంటి ఆపరేషన్ చేపియ్యద్దంటరు గదమ్మా. కన్ను పోతదని."

"ఎవరన్నారు?"

"అందరు."

"ఎండకీ దానికీ ఏ సంబంధమూ లేదు." ఆవిడ గొంతు ఓదార్పుగా లేదు. కొట్టినట్టు ఉంది. "కన్ను చీము పట్టేది శుభ్రత లేక. ఎండ వల్ల కాదు. మే నెలలో చేస్తారు, జూన్‌లో చేస్తారు, ఎప్పుడైనా చేస్తారు. మొన్న సెలవుల్లోనే అయిపోయేది. నిరుడే అయిపోయేది. ఆ డాక్టర్ని ఒక్క మాట అడిగితే చెప్పేవాడు. ఒక్క మాట."

బాబూ మియా హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. పిల్ల దొరకనప్పుడు కాళ్ళున్నాయి, పరుగెత్తాడు. ఇప్పుడు ఎటు పరుగెత్తాలి? రెండు ఎండాకాలాలు మంచం మీద పడుకుని, తడిగుడ్డ కళ్ళ మీద వేసుకుని, చలికాలం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూశాడు. తలుపు తెరిచే ఉంది. తనే మూసి ఉందనుకున్నాడు. ఆ అనుకోవడాన్నే నమ్ముకొని రోజూ ఎనిమిది మందిని కూర్చోబెట్టి తొక్కాడు.

"రేపటి నుంచి కమల నీ రిక్షాలో రాదు," అంది కుసుమకుమారి.

"రావద్దమ్మా. ఎవ్వరు రావద్దు."

ఇంకా ఏడుగురిని ఇళ్ళకు చేర్చాలి. ఆవిడ లేచి కమలను చంకనేసుకుని, ఇంకో చేత్తో హ్యాండిల్ పట్టుకుంది. పద అంది. ఆవిడ ముందు, అతను పక్కన, ఏడుగురు పిల్లలు రిక్షాలో. మధురానగర్ వీధుల్లో ప్రతి గేటు దగ్గరా ఆగారు. ఆవిడ చెప్పబోతే బాబూ మియా ఆపి తనే చెప్పాడు. ఈ రోజు ఒక పిల్లను గుట్టల్లో వదిలేసి వచ్చాను, నాకు కళ్ళు కనిపించవు, రేపటి నుంచి వేరే రిక్షా చూసుకోండి. ఒక తండ్రి వింటూనే పిల్లవాణ్ణి లాక్కుని తలుపేసుకున్నాడు. ఒక ముసలావిడ పాపం అంది, ఆ తర్వాత లోపలికెళ్ళి ఏడ్చింది. జమీలా తల్లి ఖుర్షీదా ఉర్దూలో నోటికొచ్చినట్టు తిట్టింది. ఇన్నేళ్ళ నమ్మకానికి ఇదేనా చేసేది, నీ ఇంట్లో పిల్లల్లేరా అంది. అతను ఒక్క మాటకూ అడ్డు చెప్పలేదు. తిట్లే తేలికనిపించాయి. జమీలా మాత్రం దిగకుండా గంట తాడు పట్టుకుని కూర్చుంది. తల్లి వేళ్ళు విప్పదీసి తీసుకుపోయింది.

చివరి ఇల్లు అయ్యాక కుసుమకుమారి ఆగింది.

"రేపు ఆస్పత్రికి పో."

"పోత."

"రేపే."

"రేపే పోతనమ్మా."

ఆవిడ వెళ్ళిపోయింది. కమల ఏదో అంటుంటే ఊరుకోమంది. చెప్పుల చప్పుడు వీధి మలుపు దాటేదాకా అతను విన్నాడు.

ఇంకా వెలుగు ఉంది. బాబూ మియా గుట్టల వైపు తిరగలేదు. రెండేళ్ళ తర్వాత మొదటిసారి, ఎస్.ఆర్. నగర్ మీదుగా పెద్ద రోడ్డుకు రిక్షాను నడిపించుకుంటూ వచ్చాడు. ఎక్కి తొక్కలేదు. రోడ్డు అంచున, కంకర ఎక్కడ మొదలవుతుందో అక్కడే వట్టి కాళ్ళతో నడిచాడు. లారీలు పక్కనుంచి గాలి కొట్టుకుంటూ పోతున్నాయి. ప్రతి లారీకీ ఒళ్ళు బిగుసుకుని, అది పోయాక వదులవుతోంది. బద్రున్నీసాకు ఏమని చెప్పాలి? ఆమె అన్న కన్ను ఎండ వల్ల పోలేదని ముందు చెప్పాలా, తమ నోటి కాడి కూడు పోయిందని ముందు చెప్పాలా? గుండీలు తెగిన చొక్కా చూసి ఆమే అడుగుతుంది.

అమీర్‌పేట చౌరస్తాకు కొంచెం ఇవతల ఎవరో అడ్డం వచ్చారు. చేతిలో బరువైన సంచి ఉన్నట్టుంది, కింద పెట్టిన చప్పుడైంది.

"ఖాళీయేనా? బల్కంపేట వస్తవా?"

"ఖాళీనే అన్నా. నాకు కండ్లు కనవడవు."

ఈసారి ఆ మాట కొంచెం తేలికగా వచ్చింది. ఆ మనిషి ఒక క్షణం ఆగి నవ్వాడు. "రానంటే రానని చెప్పు. గీ ముచ్చట్లెందుకు," అని సంచి ఎత్తుకుని ఇంకో రిక్షాను పిలుస్తూ పోయాడు.

బాబూ మియా హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుని మళ్ళీ నడిచాడు. రోడ్డు గతుకుల్లో చక్రం పడ్డప్పుడల్లా వెనక గంట, ఎవరూ ఎక్కకుండానే, మోగుతూ వచ్చింది.